పొట్లం మీద ఎవరి పేరు?

షాబాన్ నెల సగం గడిచిందంటే కర్నూలు పాతబస్తీలో మిద్దెలన్నీ తెల్లబడతాయి. మంచాల మీద, తాళ్ళ మీద, ఉతికి పరచిన పాత చీరల మీద సేమ్యా ఆరుతూ ఉంటుంది. కడపలో అల్మాస్‌పేట వైపు వెళ్ళినా ఇదే దృశ్యం. మన రాయలసీమకు వానలు తక్కువిచ్చిన అల్లా ఎండకు మాత్రం లోటు చేయలేదు. అప్పడానికి, వడియానికి, సేమ్యాకు, ఊరమిరపకాయకు ఇంతకంటె మంచి ఎండ మరెక్కడ దొరుకుతుంది?

కిందటి రంజాన్‌కు ముందు మేము బజారులో సేమ్యా పొట్లం ఒకటి కొన్నాము. ఇంటికి తెచ్చి తిప్పి చూస్తే తయారీదారు అన్నచోట ఒక వ్యాపారి పేరు, వేరే ఊరి చిరునామా, పద్నాలుగు అంకెల నంబరు ఉన్నాయి. అయితే ఆ సేమ్యా మా గోడ పక్క ఇంట్లోనే తయారైంది. పిండి పిసికింది, మిషను తిప్పింది, ఆరబెట్టింది, పొట్లాలు కట్టింది ఆ ఇంటి తల్లీకూతుళ్ళు. వారికి కిలోకు దక్కిన కూలి ఒక చాయ్, రెండు సమోసాల ఖరీదుకు మించదు. సరుకు వారిది, పేరు మరొకరిది. ఈ వారం మేము పాఠకుల ముందు పెడుతున్న విషయం ఇదే.

మన బస్తీలలో దీని గురించి రెండు తప్పుడు అభిప్రాయాలు స్థిరపడిపోయాయి. ఇంట్లో వండి అమ్మడమే చట్ట విరుద్ధమనీ, ఫ్యాక్టరీ ఉన్నవాడికే అనుమతి దొరుకుతుందనీ కొందరి భయం. నాలుగు అప్పడాలు, రెండు సీసాల ఊరగాయ అమ్ముకునే దానికి కాగితం ఎందుకు, ఎవరడుగుతారు అన్నది మరికొందరి ధీమా. రెండూ నిజం కావు.

పూర్వం 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం ఒకటి ఉండేది. ఊరగాయలు, షర్బత్‌ల వంటి వాటికి 1955 నాటి ఫ్రూట్ ప్రొడక్ట్స్ ఆర్డర్ వేరుగా ఉండేది. సీసా మీద ఎఫ్.పి.ఓ. అన్న ముద్ర పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఒక్కొక్క సరుకుకు ఒక్కొక్క చట్టం. ఇంటి ఆడవారు ఆ దరిదాపులకు పోలేదంటే ఆశ్చర్యం లేదు. వీటన్నిటినీ కలిపివేస్తూ 2006లో పార్లమెంటు ఆహార భద్రత, ప్రమాణాల చట్టం చేసింది. దాని కింద లైసెన్సుల, రిజిస్ట్రేషన్ల నిబంధనలు 2011 ఆగస్టు 5 నుంచి అమలులోకి వచ్చాయి. ఈ చట్టం 31వ సెక్షన్‌లో మన పాఠకులు తప్పక తెలుసుకోవలసిన మాట ఒకటుంది. చిన్న తయారీదారుకు, తోపుడుబండి వాడికి, తిరిగి అమ్ముకునేవాడికి లైసెన్సు అక్కర లేదు. పేరు నమోదు చేసుకుంటే చాలు. అది ఇంటి వంటగది అయినా సరే.

చిన్న తయారీదారు ఎవరు? 2011లో నిబంధనలు రాసినప్పుడు ఏడాదికి 12 లక్షల రూపాయల అమ్మకం హద్దుగా పెట్టారు. పాలు, మాంసం, వాటితో చేసిన పదార్థాలు కాక మిగతావి రోజుకు 100 కిలోల తయారీ దాకా అందులోకే వస్తాయన్నారు. రుసుము ఏడాదికి 100 రూపాయలు. ఇటువంటి అంకెలు కాలంతో మారుతుంటాయి గనుక దరఖాస్తు పెట్టే రోజున మరొకసారి చూసుకోవడం మంచిది. అయితే మన గల్లీలలో మిషను తిప్పే ఏ ఇల్లాలికీ ఆ హద్దు అడ్డం రాదు. రోజుకు వంద కిలోల సేమ్యా ఆరబెట్టే మిద్దె మా బస్తీలో మేమింతవరకు చూడలేదు.

ఆ నిబంధనలలోనే మరో మేలు ఉంది. దరఖాస్తు అందిన ఏడు రోజులలోగా అధికారి అనుమతి ఇవ్వాలి, లేదా కారణం రాసి తిరస్కరించాలి, లేదా తనిఖీకి వస్తున్నామని చెప్పాలి. తనిఖీ అన్నచోట ముప్పై రోజులలో తేల్చాలి. ఏ సంగతీ చెప్పకుండా గడువు దాటిపోతే చిన్న తయారీదారు పని మొదలుపెట్టుకోవచ్చునని 2011లో స్పష్టంగానే రాశారు. శుభ్రత నియమాలు మాత్రం పాటించి తీరాలి. తప్పు జరిగినప్పుడు కూడా చట్టం పెద్దవాడినీ, చిన్నవాడినీ ఒకే త్రాసులో తూచలేదు. అడిగిన నాణ్యత లేని సరుకు అమ్మినవారికి జుల్మానా లక్షలలో ఉంటే, చిన్న తయారీదారుకు అది 25,000కు మించకూడదని 50వ సెక్షన్ చెబుతుంది. ఇరవై అయిదు వేలు పేదింటికి చిన్న మొత్తమేమీ కాదు. అయినా చట్టం రాసినవారికి మన వంటిళ్ళు గుర్తున్నాయని మాత్రం తెలుస్తున్నది.

మరి కాగితం ఇంత తేలికైతే మన ఆడవారి చేతిలో ఎందుకు లేదు?

మా దగ్గర చిన్నప్పుడు ఖాయిదా చదువుకున్న ఒక అమ్మాయి పెళ్ళయి కడపలో స్థిరపడింది. చెనిక్కాయల పొడి, నిప్పట్లు, కర్జికాయలు బాగా చేస్తుంది. 2020లో లాక్‌డౌన్ వచ్చి భర్తకు పని పోయినప్పుడు ఆమె వంటే ఆ ఇంటిని నిలబెట్టింది. "నీ పేర కాగితం తీసుకోలేదా అమ్మా?" అని అడిగాము. "ఎక్కడ మౌల్సాబ్! ఇంటర్నెట్ కొట్టులో అడిగితే మూడు వేలవుతుందన్నాడు. ఇల్లుగలాయన కరెంటు బిల్లు కాపీ ఇయ్యనన్నాడు. ఆధార్‌లో పుట్టింటి చిరునామా, రేషన్ కార్డులో ఇంకో పేరు. ఫోనేమో ఆయన జేబులో ఉంటుంది, ఓటీపీ వచ్చే టైముకు ఆయన ఇంట్లో ఉండడు," అన్నది.

ఆమె చెప్పిన నాలుగు ముక్కలలో ప్రభుత్వ నివేదికలలో దొరకని నిజం ఉంది. మూడు వేలన్నది శుద్ధ దోపిడి. దరఖాస్తు ఇప్పుడు ఫాస్కాస్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులోనే పెట్టాలి. దాని పేరుకు దగ్గరగా పేర్లు పెట్టుకుని రుసుము గుంజే ప్రైవేటు సైట్లు చాలా ఉన్నాయి. ఫోటో, గుర్తింపు కార్డు, కార్డులో చిరునామా వేరైతే ఇప్పుడున్న చోటికి ఆధారం, ముఖ్యంగా అడిగేవి ఇవే. ఇంటాయన భయం వేరు. కరెంటు వాణిజ్య రేటుకు మారుతుందేమో, అధికారులు గుమ్మంలోకి వస్తారేమో అని. అతనితో మాట్లాడవలసింది ఆ అమ్మాయి కాదు, బస్తీ పెద్దలు. మస్జిద్ కమిటీలు జనాజా ఏర్పాట్లు చూస్తాయి, తగవులు తీరుస్తాయి. జుమా తరువాత ఒక అరగంట నలుగురు చదువుకున్న కుర్రవాళ్ళను కూర్చోబెట్టి ఇటువంటి దరఖాస్తులు నింపించడం అంతకన్న కష్టమైన పని కాదు.

ఫోను సంగతి కొంచెం కటువుగానే చెప్పాలి. పని చేసే ఆమె నంబరు మీదనే దరఖాస్తు ఉండాలి, ఆమె పేరు మీదనే కాగితం రావాలి. "ఇంటి ఆడవాళ్ళ పేరు బజారులో ఎందుకు?" అని మా ఎదుటనే అన్న పెద్దమనుషులున్నారు. వారికి మేమొక్కటే గుర్తుచేశాము. మన ఇళ్ళలో ఆడపిల్లలకు ఖదీజా అని ఎంతో మురిపెంగా పేరు పెడతాము. ఆ మహాతల్లి మక్కాలో తన పేరు మీద, తన సొమ్ముతో వర్తకం నడిపించిన సంగతి పిల్లలకు కూడా తెలుసు. పరదా మనిషికి గాని, ఆమె కష్టార్జితానికి కాదు.

బొంబాయి గిర్‌గాఁవ్‌లో 1959లో ఏడుగురు గుజరాతీ ఇల్లాండ్రు 80 రూపాయలు అప్పు తెచ్చి మిద్దె మీద అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టారు. అదే లిజ్జత్. వారిలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ ఇచ్చారు. పద్ధతి చూడండి. పిండి ఒకచోట కలుపుతారు. సభ్యురాలు దానిని ఇంటికి తీసుకుపోయి ఒత్తి, ఆరబెట్టి, మరునాడు తిరిగి ఇస్తుంది. మన సేమ్యా ఇల్లాండ్రు చేసేదీ ఇదే. తేడా ఒక్కటే: అక్కడ ఒత్తే ప్రతి ఆమె భాగస్వామి, ఇక్కడ కూలి. అంతదూరం పోనక్కరలేదంటారా? ఆత్రేయపురం పూతరేకులు ఆడవారు ఇళ్ళలో కుండల మీద తీసేవే. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు దక్కింది. మన కర్నూలు జిల్లా ఓర్వకల్లులో 1990లలో ఐక్యరాజ్యసమితి వారి దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమం కింద పొదుపు సంఘాలు మొదలై, మండల సమాఖ్యగా ఎదిగి, దేశం నలుమూలల నుంచి వచ్చి చూసిపోయే స్థాయికి చేరాయి. నిరక్షరాస్యులైన స్త్రీలు లెక్కల పుస్తకాలు నడిపించారు. మన పాతబస్తీ నుంచి ఓర్వకల్లు బస్సులో ఎంతసేపు?

ఇక్కడ సంఘాల ప్రస్తావన వచ్చింది గనుక వడ్డీ మాట దాటవేయకూడదు. చాలామంది పాఠకుల మనసులో ఉన్న ముడి ఇదే. కేంద్ర ప్రభుత్వం 2020 జూన్ 29న చిన్న ఆహార తయారీదారుల కోసం ఒక పథకం ప్రారంభించింది. పి.ఎం.ఎఫ్.ఎం.ఇ. అని పొట్టిపేరు. మొత్తం 10,000 కోట్లు అన్నారు. మిషన్లు కొనుక్కునేవారికి ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ. పొదుపు సంఘాల సభ్యులకు తలా 40,000 రూపాయల మూలధన సాయం. సబ్సిడీ మంచిదే, అయితే అది బ్యాంకు అప్పుతో ముడిపడినది. అప్పు లేకుంటే సబ్సిడీ లేదు. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబం అక్కడే ఆగిపోతుంది. ఆగిపోవడాన్ని మేము తప్పు పట్టము. ప్రభుత్వం ఈ వర్గం కోసం వడ్డీ లేని దారి ఒకటి ఆలోచించవలసి ఉన్నదనే మా అభిప్రాయం. కాని మన వాళ్ళు చేస్తున్న పొరపాటు మరొకటి. అప్పు వద్దనుకుని రిజిస్ట్రేషన్ కూడా వద్దనుకుంటున్నారు. ఆ రెంటికీ సంబంధం లేదు. రిజిస్ట్రేషన్‌లో అప్పు లేదు, వడ్డీ లేదు, బ్యాంకు గుమ్మం తొక్కే పని లేదు. చేతి మిషను, రెండు గిన్నెలు, తూకం, ఒక రిజిస్ట్రేషన్ కాగితం. నలుగురు బంధువులు కలిసి ఖర్జె హసనా కింద సమకూర్చగలిగిన మొత్తమే అది.

కాగితం వచ్చిందంటే బాధ్యత కూడా వచ్చినట్లే. ఈ భాగం మన ఇల్లాండ్రు శ్రద్ధగా వినాలి, ఎందుకంటే పేరు లేనప్పుడు తప్పు కూడా ఎవరిదీ కాదు. పేరు వచ్చాక ప్రతి పొట్లం ఆమెకు సాక్షి.

మన సీమ ఇళ్ళలో చెనిక్కాయ లేని పొడి లేదు. వాన తడిసిన కాయలో, సరిగా ఎండని గింజలో ఒక రకం బూజు పెరుగుతుంది. అది విడిచే విషాన్ని అఫ్లాటాక్సిన్ అంటారు, కాలేయాన్ని దెబ్బ తీస్తుంది. వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు. బూజు కనిపించినవే కాదు, ముడుచుకుపోయినవి, రంగు మారినవి, చేదెక్కినవి ఏరి పారవేయాలి. ఇంట్లో వాడుకుంటే పాపం లేదులే అని వేరుగా దాచుకోవడమూ వద్దు. నూనె సంగతి సరేసరి. నిప్పట్లు కాల్చిన నూనెలోనే మళ్ళీ మళ్ళీ కాలిస్తే అది చెడిపోతుంది. ఆ చెడును కొలిచి 25 శాతానికి హద్దు గీసే నియమం 2018 జూలై 1 నుంచి ఉంది. మన ఇంట్లో కొలిచే యంత్రం ఉండదు. నూనె నల్లబడి, చిక్కబడి, నురుగు తేలిందంటే పారబోయవలసిందే. ఊరగాయలో ఉప్పు, నూనె తగ్గించి లాభం చూసుకునే తెలివి బూజులో తేలుతుంది. సేమ్యా పూర్తిగా ఎండకముందే ప్లాస్టిక్ సంచిలో కడితే పండుగనాటికి వాసన వస్తుంది. ఆరబెట్టేటప్పుడు పల్చని గుడ్డ కప్పాలి. మిద్దె మీద పావురాలు మన అనుమతి అడగవు.

పత్రికలో వేడి వేడి నిప్పట్లు చుట్టి ఇవ్వడం మన బజార్ల అలవాటు. అచ్చు సిరా ఆహారానికి అంటుతుంది గనుక 2018 నాటి ప్యాకింగ్ నిబంధనలు దానిని నిషేధించాయి. ఈ శుక్రవారం పేజీని చదివి దాచుకోండి, పిల్లలకు చదివి వినిపించండి, దీనిలో పకోడీలు మాత్రం కట్టవద్దు.

పొట్లం మీద సరుకు పేరు, అందులో వేసిన వస్తువులు ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా, నికర తూకం, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలో ఆ తేదీ, ధర, శాకాహారమైతే ఆకుపచ్చ గుర్తు, తయారీదారు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరు పద్నాలుగు అంకెలది. రిజిస్ట్రేషన్ అయితే 2తో, లైసెన్సు అయితే 1తో మొదలవుతుంది. నకిలీ కాగితం అంటగట్టే దళారులను పట్టుకోవడానికి ఇదొక చిన్న చిట్కా. తూకం గురించి మేము వేరుగా చెప్పనక్కరలేదు. కొలతలో తగ్గించేవారికి ఖురాన్‌లో ఒక పూర్తి సూరాయే హెచ్చరికగా ఉన్నది.

కొందరు సోదరులు హలాల్ ముద్ర తప్పనిసరి కదా అని అడుగుతున్నారు. ఇది వేరు, అది వేరు. హలాల్ పత్రాలు ఇచ్చేవి ప్రైవేటు సంస్థలు. ఉత్తరప్రదేశ్‌లో 2023 నవంబరులో అటువంటి పత్రం ఉన్న సరుకుల మీద నిషేధం పెట్టినప్పుడు దేశమంతటా గొడవ జరిగింది. మన ఇంటి అప్పడానికి, కరివేపాకు పొడికి, సేమ్యాకు ఆ ముద్ర అవసరమే లేదన్నది మా అభిప్రాయం. డబ్బు పెట్టి ముద్ర కొనడం కన్నా ఆ డబ్బుతో మూత గట్టిగా పట్టే డబ్బాలు కొనుక్కోవడం మేలు. మన ధర్మంలో హలాల్ అన్న మాట పక్కనే తయ్యిబ్ అన్న మాట ఉంది, శుద్ధమైనది, మేలైనది అని. మనవారు మొదటి దానికి పెట్టే పట్టుదలలో సగమైనా రెండవదానికి పెట్టడం లేదు. మాంసం ఊరగాయ సంగతి వేరు. మాంసానికి, పాలకు నిబంధనలు ప్రత్యేకంగా ఉన్నాయి. మొదటి ఏడు ఎండు సరుకుతో చేయి తిరిగాక వాటి జోలికి పోవచ్చు.

అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారికి కూడా ఈ బాధ తెలుసు. అక్కడ ఇంటి వంట అమ్మకానికి రాష్ట్రానికొక చట్టం. కాలిఫోర్నియాలో 2013లో దారి తెరిచారు. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న న్యూజెర్సీలో ఇంట్లో కాల్చిన కేకు అమ్మడం కూడా నేరంగానే ఉండేది. అక్కడి ఇల్లాండ్రు 2017లో కోర్టుకు ఎక్కారు. చివరకు 2021 అక్టోబరులో అనుమతి వచ్చింది, ఏడాదికి 50,000 డాలర్ల హద్దుతో, అదీ త్వరగా చెడిపోని పదార్థాలకు మాత్రమే. అంత గొప్ప దేశపు గృహిణి కోర్టుకు పోయి తెచ్చుకున్న హక్కు మన కర్నూలు గృహిణికి పదేళ్ళ ముందే, 2011లోనే దక్కింది. దక్కిన సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

చెప్పవలసినది ఎవరు? ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2022 మార్చిలో ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా చేస్తూ బిల్లు ఆమోదించింది. మేము సంతోషించాము. కాని మా అమ్మాయిల చేతికి వచ్చే రిజిస్ట్రేషన్ కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. ఆహార తనిఖీ అధికారి బస్తీకి వచ్చేది ఫిర్యాదు వచ్చినప్పుడే, అందుకే ఆయన జీపు కనబడితే తలుపులు మూసుకుంటాయి. షాబాన్ రాకముందే, అంటే పిండి కొనకముందే, తెలుగులోను, ఉర్దూలోను ఒక పేజీ కాగితం అచ్చు వేయించి పాతబస్తీలో, అల్మాస్‌పేటలో, ఆదోనిలో, ప్రొద్దుటూరులో పంచి, వార్డు సచివాలయంలో ఒక్కొక్క రోజు కూర్చుంటే ఆ తలుపులు తెరుచుకుంటాయి. పత్తికొండ వైపు ధర పడిపోయి టమాటాలు రోడ్డు మీద పారబోసిన రోజులలో కూడా ఇదే అనుకున్నాము. ఎండ ఉంది, చేతులు ఉన్నాయి, పండు ఉంది. ఎండబెట్టి, పొడికొట్టి తన పేరుతో అమ్ముకునే హక్కు ఉన్నదని చెప్పే మనిషి లేడు.

కడప అమ్మాయికి మేము కిందటి నెల మళ్ళీ ఫోను చేశాము. ఈసారి ఆమే ఎత్తింది. పాత ఫోను ఒకటి బాగుచేయించుకుని సిమ్ తన పేరుతో తీసుకున్నదట. ఆధార్‌లో చిరునామా మారింది. ఇల్లుగలాయన మాత్రం ఇంకా మెత్తబడలేదు. మా పరిచయస్థులైన ఒక హాజీ సాబ్ వచ్చే ఆదివారం ఆయన దగ్గరకు వెళ్ళి మాట్లాడతానన్నారు. "లేబుల్ మీద పేరు ఏమని వేయించేది మౌల్సాబ్, ఆయన పేరా, నా పేరా?" అని అడిగింది. నిప్పట్లు ఎవరు కాలుస్తున్నారమ్మా అని అడిగాము. నవ్వి, అచ్చుకొట్టులో లేబుళ్ళు వంద వేయిస్తే ఎంతవుతుందో కనుక్కుంటానన్నది.